ఆదివారం ఆటలమ్మ

మా నాయన ఆత్మకూరు హైస్కూల్లో డ్రిల్లు సారు. వారమంతా ఎండలో నిలబడి ఈల ఊది, పిల్లల మీద అరిచి, శనివారం మధ్యాహ్నానికి గొంతు బొంగురుపోయి ఇంటికొచ్చేవాడు. కాళ్లు కడుక్కుని, అన్నం కంచం పట్టుకుని టీవీ ముందు కింద కూర్చునేవాడు. ఆ పూట ఢిల్లీ నుంచి ఆటల కార్యక్రమం వచ్చేది. ఆదివారం ఇంకొకటి. చర్చి నుంచి రాగానే బైబిళ్లు గూట్లో పెట్టి, మంచి బట్టలైనా మార్చుకోకుండా మేమిద్దరం దాని ముందు చేరేవాళ్లం. అమ్మ వంటింట్లోంచి, "దేవుని దినం పొద్దు కూడా ఆ గంతులేనా" అని సణిగేది. సణుగుతూనే పరుగు పందెం వచ్చినప్పుడు గరిటె చేత్తో పట్టుకుని గడపలో నిలబడేది.

మాది నలుపు తెలుపు పెట్టె. నల్లమల పక్కన ఊరు కాబట్టి సగం రోజులు బొమ్మ మీద చీమలు పాకుతున్నట్టు ఉండేది. ఆ చీమల వెనక ఇద్దరు మనుషులు నాకు బాగా తెలుసు. ఒకాయన కోటు వేసుకుని కూర్చునేవాడు. మాట మొదలుపెట్టే ముందు చేతిలో కాగితాలు బల్ల మీద తట్టి సరిచేసుకునేవాడు. ఇంకొకామెది బాబ్‌కట్టు, చీర. మన జట్టు ఓడిపోయిందని చెప్పాల్సి వచ్చినప్పుడు ఆమె ఒక క్షణం ఆగి, తలెత్తి, నేరుగా మన కళ్లలోకి చూసి చెప్పేది. చెడ్డ కబురు చెప్పడానికి కూడా ఒక మర్యాద ఉంటుందని నాకు ఆమెను చూశాకే తెలిసింది.

ఆయనది ఇంగ్లీషు, ఆమెది హిందీ. మాకు రెండూ అంతంత మాత్రమే. నాయన అర్థం చెప్పేవాడు. అందులో సగం అర్థం, సగం ఆయన సొంతం. "ఈ పాప పొద్దున్నే లేసి, రాగిసంగటి తిని, కొండెక్కి దిగి వచ్చేదంట. అందుకే ఆ కాళ్లకు అంత బలం" అనేవాడు. ఎక్కడో రష్యా అమ్మాయి రాగిసంగటి ఎందుకు తింటుందని నాకు అనుమానం రాలేదు. ఎవరూ లేనప్పుడు నేను బీరువా అద్దం ముందు కూర్చుని, నాయన తెచ్చిన పాత పరీక్ష కాగితాలు సర్దుకుని, ఒక క్షణం ఆగి, తలెత్తి చూసేదాన్ని. "నమస్కారం. ఈ వారం ఆటలు" అని మొదలుపెట్టేదాన్ని.

ఈ ముచ్చట్లన్నీ ఇప్పుడు నవ్వుకుంటూ చెప్పగలగాలి. కానీ ఆ కార్యక్రమాలు తలుచుకుంటే నాకు నవ్వుకంటే ముందు భయం వస్తుంది. ఎందుకో చెబుతాను.

నేను డిగ్రీలో చేరిన ఏడాదే నాయనకు కర్నూలు బదిలీ అయింది. కల్లూరు వైపు ఇల్లు తీసుకున్నాం. అప్పుడప్పుడే అక్కడ ఇళ్లు లేస్తున్నాయి. సగం కట్టిన గోడలు, వాటి మధ్య ఇసుక కుప్పలు, షేర్ ఆటోలు ఆగే మలుపు, దాని పక్కన ఒక సైకిల్ షాపు. ఆ షాపు మీది గదిలోంచే మా వైపు ఇళ్లన్నిటికీ కేబుల్ వైర్లు వచ్చేవి. దాన్ని నడిపేది ఒక ముస్లిం అన్న. ఆయన అసలు పేరు పలికేవాళ్లు తక్కువ, అందరికీ కేబుల్ భాయ్. సినిమాలు వేసేవాడు, ఊళ్లో పెళ్లిళ్లు వేసేవాడు, పీర్ల పండుగ వేసేవాడు. ఒక రోజు మా ఇంటికొచ్చి నాయనను అడిగాడు.

"సార్, మీరు ఆటలు తెలిసినోళ్లు. నేను కెమెరా పట్టుకుని పోయి మన చుట్టుపక్కల ఆటలు తీస్తా. ఆదివారం సాయంత్రం మీరు వచ్చి వాటి గురించి మాట్లాడండి. ఢిల్లీవాళ్లు చేస్తారు కదా, అట్ల."

నాయన మొహం వెలిగిపోయింది. ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాడు. నేనూ వెంట వెళ్లాను. గదిలో ఒక బల్ల, వెనక గోడకు నీలం గుడ్డ, రెండు పెద్ద దీపాలు. అది రికార్డు చేసి వేసేది కాదు. ఆడినప్పుడు తీసిన క్యాసెట్టు నడుస్తుంటే మధ్యమధ్యలో కెమెరా వైపు చూసి మాట్లాడాలి, ఆ మాట అప్పటికప్పుడే ఇళ్లలోకి వెళ్లిపోతుంది. కెమెరా మీద ఎర్ర దీపం వెలిగింది. మైదానం ఈ కొన నుంచి ఆ కొనకు వినిపించేలా అరిచే మా నాయన నోట మాట రాలేదు. చెమటలు కారుతున్నాయి. భాయ్ గబగబా మళ్లీ క్యాసెట్టు పెట్టేశాడు.

"నాకు ఈలిస్తే ఊదుతా భాయ్. దీని ముందర నా వల్ల కాదు" అన్నాడు నాయన. తర్వాత నా వైపు తిరిగాడు. "నువ్వు బీరువా ముందర చెప్తావే, అట్ల చెప్పు మా."

ఆయనకు ఆ సంగతి తెలుసని నాకు ఆ క్షణం వరకూ తెలియదు.

వెళ్లి బల్ల వెనక కూర్చున్నాను. నాలుక అంగిట్లోనే అతుక్కుపోయింది. నాయన వచ్చి కెమెరా కింద నేల మీద చక్లముక్లం వేసుకుని కూర్చున్నాడు, మా ఇంట్లో టీవీ ముందు కూర్చున్నట్టే. ఎర్ర దీపం వైపు కాక ఆయన మొహం చూసి మాట్లాడాను. ఏం చెప్పానో గుర్తు లేదు. అయిపోయాక భాయ్, "మాషా అల్లా, చెల్లీ" అన్నాడు.

అట్లా మొదలైంది. ఆదివారం వస్తుందంటే శనివారం నుంచే నాకు అన్నం సయించేది కాదు. అయినా వెళ్లేదాన్ని. వాలీబాల్, తాడు లాగడం, కుస్తీ, కబడ్డీ, ఏది జరిగితే అది. వీధిలో పిల్లలు నన్ను చూసి "ఆటలమ్మ వస్తాంది" అనేవాళ్లు. అమ్మకు కోపం వచ్చింది. "ఒళ్లంతా పొక్కులు లేసే జబ్బు పేరు నా బిడ్డకు పెడతారా" అని ఒకరోజు వాళ్ల వెంటపడింది. కానీ ఆ పేరు నిలిచిపోయింది. కాలేజీలోనూ అదే, కూరగాయల బండి దగ్గరా అదే.

ఆ మరుసటి ఎండాకాలం ఊరి బయట మైదానంలో కబడ్డీ పోటీలు పెట్టారు. చివరి ఆట రెండు పల్లెల మధ్య. ఒకటి తుంగభద్ర ఒడ్డు ఊరు, ఇంకొకటి దూరంగా రేగడి పొలాల్లో ఉండే ఊరు. ఆట ముగిసే సమయానికి రెండు జట్లూ సమానం. రేగడి ఊరి కుర్రాడు ఆఖరి కూతకు వెళ్లాడు. అవతలివాళ్లు కాళ్లు పట్టేశారు. అతను బోర్లా పడి, ఒళ్లంతా సాగదీసి, నడిగీత వైపు చెయ్యి చాచాడు. దుమ్ము లేచింది. అంపైరు ఈల ఊదాడు. గీత తాకాడన్నాడు. కప్పు రేగడి ఊరికి వెళ్లింది. అక్కడికక్కడ పెద్ద గొడవేమీ జరగలేదు.

ఆదివారం అదంతా చూపిస్తున్నాం. భాయ్ కొత్తగా తెచ్చిన మెషీన్లో బొమ్మను కదలకుండా ఆపే మీట ఉంది. ఢిల్లీ కార్యక్రమంలో కోటాయన అట్లాగే బొమ్మ ఆపి, పుల్లతో చూపించేవాడు. మేమూ అంపైరు ఈల ఊదిన చోట ఆపాం. తెర మీద దుమ్ము, దుమ్ములో ఆ కుర్రాడి చెయ్యి, చేతికి ముందు సున్నపు గీత. నేను ఒక క్షణం ఆగి, తలెత్తి చెప్పాను.

"చూడండి. గీతకు చెయ్యి ఇంకా బెత్తెడు దూరంలో ఉంది. తగల్లేదు. అంపైరు గారు పొరపడినట్టున్నారు."

నాయన కింద నుంచి తలూపాడు. ఆ రోజు ఇంటికి నడిచి వస్తుంటే నాకు భూమ్మీద కాళ్లు ఆనలేదు.

మంగళవారం నాడు భాయ్ దగ్గరికి ఫోను వచ్చింది. "టీవీలో మాట్లాడిన పాప ఎవరి బిడ్డ?" అని అడిగి పెట్టేశారు. బుధవారం ఎవరో సైకిల్ షాపు దగ్గర మా ఇల్లు యాడ అని అడిగారట. ఆ రెండూ మేము పెద్దగా పట్టించుకోలేదు. ఆట ఇష్టపడ్డవాళ్లెవరో అనుకున్నాం.

ఆ మరుసటి ఉదయం కాలేజీకి షేర్ ఆటో ఎక్కాను. మలుపు దాటాక ఒక మనిషి చెయ్యెత్తి ఆపి ఎక్కి, నా ఎదురుగా కూర్చున్నాడు. తెల్ల చొక్కా, నూనె రాసి దువ్విన జుట్టు, ఒళ్లో జామకాయల సంచి. ఆటోలో ఇంకా ఇద్దరు ఆడవాళ్లు ఉన్నారు. ఆయన నన్ను కాసేపు చూసి నవ్వాడు.

"టీవీలో చెప్పేది నువ్వే కదా పాపా?"

"అవునన్నా."

"శానా బాగా చెప్తావంట. మీ నాయన సారంట కదా. మీ అమ్మ పొద్దున్నే చర్చి కాడ ఊడ్సేదానికి పోతాదంట."

అమ్మ వారానికోసారి చర్చి వాకిలి శుభ్రం చేసే సంగతి మా సంఘం వాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. ఆయన జామకాయ ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు. నేను తీసుకున్నాను. తీసుకోకుండా ఉండడానికి ధైర్యం చాల్లేదు.

"మాది రేగడూరు. మా పెద్దాయన నిన్ను చూడల్లంటాండాడు. ఆదివారం వస్తాంలే, నువ్వు మాట్లాడే కాడికే. నువ్వు యాడికీ పోవద్దు, ఏం?"

అంత మెత్తగా మాట్లాడిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు. ఒక్క కటువు మాట లేదు. తర్వాతి స్టాపులో దిగి, నా చార్జీ కూడా తానే ఇచ్చి వెళ్లిపోయాడు. పక్కనున్న ఆమె, "మీ చుట్టమా పాపా?" అని అడిగింది. నేను తల ఊపాను. అవునని ఊపానో కాదని ఊపానో నాకే తెలియదు. కాలేజీ దగ్గర దిగలేకపోయాను. ఆటో తిరిగి వచ్చేదాకా అందులోనే కూర్చుని ఇంటికొచ్చాను.

మా వైపు గురించి బయటివాళ్లు చెప్పుకునే కథల్లో సగం అబద్ధాలే. మిగతా సగంతో మేము బతకాలి. పొలంలో ఒక మడవ నీళ్ల దగ్గర, ఒక మాట దగ్గర మొదలైంది ఎక్కడిదాకా పోతుందో ఎవరూ చెప్పలేరు. పోలీసులకు చెబుదామంటే ఏమని చెప్పాలి? ఒక మనిషి ఆటోలో మర్యాదగా మాట్లాడి జామకాయ ఇచ్చాడని చెప్పాలా?

నాయన బడి నుంచి వచ్చాక చెప్పాను. ఆయన వింటూ బూట్ల తాళ్లు విప్పుకుంటున్నాడు. ఆ ముడి రాలేదు. ఎంతసేపటికీ రాలేదు. చివరికి అట్లాగే బూట్లతో లోపలికి వచ్చి మంచం మీద కూర్చున్నాడు. మా నాయన భయపడడం చూడడం అదే మొదటిసారి. నా భయమంతా అప్పటివరకూ ఆయనకు చెబితే పోతుందనుకున్నాను. అది పోవడానికి ఇంక చోటు లేదని అప్పుడు తెలిసింది.

"నా బిడ్డ పోదు" అంది అమ్మ.

"పోకపోతే ఇంటికొస్తారు."

"రానీ. తలుపేసుకుంటాం."

"ఎన్ని రోజులేసుకుంటావు మే?" అన్నాడు నాయన. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

నాకు ఒకటే ఆలోచన వచ్చింది. అది ధైర్యం కాదు, భయంలోంచి పుట్టిందే. "ఆడైతే అందరూ చూస్తాంటారు కదా నాయనా. ఈడ ఎవురూ చూడరు" అన్నాను. నాయన లేచి ఆదివారం వేసుకునే ఇస్త్రీ చొక్కా తీసి కొక్కేనికి తగిలించాడు. అంటే వెళ్లాలనే.

శుక్రవారం, శనివారం ఎట్లా గడిచాయో తెలియదు. జీపు చప్పుడైతే కిటికీ మూసేదాన్ని. కుక్కర్ కూత వేస్తే ఉలిక్కిపడేదాన్ని. ఆదివారం చర్చిలో అందరూ మోకరిస్తే నేనూ మోకరించాను. ప్రార్థన మాటలు ఒక్కటీ రాలేదు. పక్కన అమ్మ పెదవులు ఆగకుండా కదులుతున్నాయి. పాస్టరు గారికి అమ్మ చెప్పినట్టుంది, ప్రార్థనలో "మన సంఘపు బిడ్డను కాచు తండ్రీ" అన్నారు. నాలుగు వరసల్లోనూ తలలు నా వైపు తిరిగాయి. నాకు ఇంకా భయమేసింది.

సాయంత్రం నాయనా నేనూ నడిచి వెళ్లాం. భాయ్ ముందే వచ్చి ఉన్నాడు. "ఫికర్ చేయొద్దు చెల్లీ" అన్నాడు కానీ మాటిమాటికీ కిటికీలోంచి కిందికి చూస్తున్నాడు. సైకిల్ షాపు ఆ రోజు తొందరగా మూసేశారు. ఎందుకు మూశారని మాలో ఎవరమూ అడగలేదు.

కార్యక్రమం మొదలుపెట్టాను. ఆ వారం బళ్ల మధ్య వాలీబాల్. ఏదో చదువుతున్నాను. అక్షరాలు కనిపిస్తున్నాయి, అర్థం తెలియడం లేదు. అంతలో కింద జీపు ఆగింది. ఇంజను ఆపినాక కాసేపు ఏ చప్పుడూ లేదు. ఆ తర్వాత ఇనుప మెట్లు మోగాయి. చాలా కాళ్లు. నాయన లేచి తలుపు దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. చేతులు రెండు వైపులా కొద్దిగా చాచి నిలబడ్డాడు, ఆటలో ఎవరినో పట్టడానికి నిలబడినట్టు.

ముందు ఒక పెద్దాయన వచ్చాడు. అరవై పైబడిన మనిషి, తెల్ల పంచె, భుజాన తువ్వాలు. ఆయన వెనక ఆటోలో మనిషి. ఇంకా ముగ్గురో నలుగురో. అందరికంటే వెనక, తలుపు రెక్కకు ఆనుకుని, ఆఖరి కూతకు వెళ్లిన కుర్రాడు.

"పక్కకు జరుగు సారూ" అన్నాడు పెద్దాయన.

నాయన జరగలేదు. "నా బిడ్డ చిన్నపిల్లప్పా. ఏమన్నా ఉంటే నాతో మాట్లాడండి" అన్నాడు. గొంతు పీలగా వచ్చింది.

"మాట్లాడేది ఏం లేదు. నేను చూసేదానికి వచ్చినా." పెద్దాయన నాయన భుజం మీద చెయ్యి వేసి, తోయకుండా, పక్కకు జరిపి లోపలికి వచ్చాడు. "యాడప్పా, ఆ బొమ్మ? మల్లా ఎయ్. మా ఊర్లో వైరు లేదు. నేను చూసిండేది లేదు."

భాయ్ క్యాసెట్టు వెతికాడు. నేను బల్ల దగ్గరే ఉన్నాను. అప్పుడు గమనించాను, కెమెరా మీద ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది. భాయ్ దాన్ని ఆపడం మరిచిపోయాడు. కల్లూరులో ఇళ్లన్నిటిలో నా బిగుసుకుపోయిన మొహం, దాని ముందు పెద్దాయన భుజం కనిపిస్తున్నాయి. ఆ సంగతి గదిలో నాకొక్కదానికే తెలుసు. అది మేలో కీడో ఆలోచించే తెలివి నాలో మిగల్లేదు.

బొమ్మ వచ్చింది. దుమ్ము, చెయ్యి, గీత. పెద్దాయన కళ్లజోడు తీసి తువ్వాలుతో తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. తెర దగ్గరికి వంగాడు. చాలాసేపు చూశాడు. తర్వాత నడుం ఎత్తకుండానే అడిగాడు.

"చెయ్యి తగిలిందా రా?"

ఆ కుర్రాడు నా వయసువాడే. అతను నా వైపు చూడలేదు.

"తెలీదు పెద్దనాయనా. అంపైరు ఈల ఊదినాడు. నేను లేసినా."

"ఊర్లో ఏమని చెప్పినారు? మనోన్ని దొంగ అనిందంట ఆ పాప, అని కదా?" పెద్దాయన ఇప్పుడు నా వైపు తిరిగాడు. "దొంగ అన్యావా నువ్వు?"

తల అడ్డంగా ఊపాను.

"నోటితో చెప్పు."

"అన్లేదు పెద్దనాయనా. తగల్లేదు అన్యా. అంతే."

"అంతేనా?"

"అంతే."

ఆటోలో మనిషి ఒక అడుగు ముందుకు వేసి, "ఈ పాప మాట విని..." అనబోయాడు. పెద్దాయన చెయ్యి ఎత్తాడు. అతను ఆగిపోయాడు.

"కప్పు ఎవరిది?" అని నన్ను అడిగాడు పెద్దాయన.

"మీదే. అంపైరు ఇచ్చినాడు కదా."

"ఆ మాట చెప్పు, అందరికీ. దొంగ అని నువ్వెప్పుడూ అన్లేదని కూడా చెప్పు. మావోడు రేపు నలుగుర్లో తిరగల్ల."

ఆయన పక్కకు తప్పుకున్నాడు. ఎర్ర దీపం నాకు ఎదురుగా వచ్చింది. మొదటి రోజు నాయనకు పట్టిన చెమట ఇప్పుడు నాకు పట్టింది. నోరు తెరిచాను, గాలి తప్ప ఏమీ రాలేదు. అప్పుడు నాయన ఆ మనుషులందరి మధ్యలోంచి నడిచి వచ్చి, కెమెరా కింద నేల మీద చక్లముక్లం వేసుకుని కూర్చున్నాడు. ఇస్త్రీ ప్యాంటు మోకాళ్లకు దుమ్ము అంటింది. నా మొహం వైపు చూశాడు. నేను చెప్పాను. ఎట్లా చెప్పానో తెలియదు. గీత తాకలేదన్న మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు. అది ధైర్యంతో కాదు. దాన్ని వెనక్కి తీసుకోమని ఎవరూ అడగలేదు, అడిగి ఉంటే తీసుకునేదాన్నేమో.

పెద్దాయన నా తల మీద చెయ్యి పెట్టి, "బాగా చదువుకో" అని వెళ్లిపోయాడు. ఆ కుర్రాడు అందరికంటే ముందు మెట్లు దిగాడు. ఆటోలో మనిషి ఆఖరున ఆగాడు. నాయన చెవి దగ్గరికి వంగి, ఆ మెత్తని గొంతుతోనే, నాకూ వినపడేలా అన్నాడు.

"ఆయనకు సరిపోయింది సారూ. మాకింకా సరిపోలేదు."

జీపు వెళ్లాక భాయ్ కెమెరా చూసి, వాళ్లు వచ్చినప్పటి నుంచీ అంతా ఇళ్లలోకి వెళ్లిందని అప్పుడు తెలిసి, "యా అల్లా" అని దీపం ఆర్పాడు. నేను అక్కడే బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను. నాయన లేచి వచ్చి పక్కన కూర్చున్నాడు.

ఆ వారం కాలేజీలో నన్ను మెచ్చుకోనివాళ్లు లేరు. అందరూ చూశారు కదా. ఎంత ధైర్యమమ్మా అన్నారు. ఒక్కొక్కరు అట్లా అన్నప్పుడల్లా నాకు ఆ చివరి మాట వినిపించేది. శుక్రవారం పట్టపగలు భాయ్ గది కిటికీ మీద పెద్ద రాయి పడింది. అద్దం పగిలి నీలం గుడ్డంతా పెంకులు. ఆ మరుసటి రోజు మా వీధి నుంచి ఆటో మలుపు దాకా వైర్లు ఎవరో తెంపేశారు. పెద్దాయన మనిషిని పంపి అది తన పని కాదని, తన చేతిలో లేనివాళ్లు కొందరున్నారని చెప్పించాడు. ఆ కబురు మమ్మల్ని ఇంకా బెదరగొట్టింది. భాయ్ వైర్లు కొత్తవి లాగాడు, ఆటల కార్యక్రమం మాత్రం ఆపేశాడు. "నాకూ పిల్లలున్నారు సార్" అన్నాడు. నాయన ఆయన చేతులు పట్టుకున్నాడు.

పరీక్షలు అయిపోగానే నన్ను కడపలో మా మేనత్త ఇంటికి పంపారు. నాయన తోడు వచ్చాడు. నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు, ఆ దారంతా వెనక నుంచి జీపు వచ్చి బస్సును దాటినప్పుడల్లా నేను కిటికీ దగ్గర తల వంచుకునేదాన్ని. నాయన చూసి, కిటికీ పక్కకు తాను మారాడు. ఆ తర్వాత చూస్తే ఆయనా తల వంచుకుంటున్నాడు.

మేనత్త ఆసుపత్రిలో నర్సు. ఒంటరి మనిషి, కలర్ టీవీ ఉన్న మనిషి. నన్ను సంతోషపెట్టాలని శనివారం ఆటల కార్యక్రమం పెట్టింది. సంగీతం మొదలైందో లేదో నేను పెరట్లోకి పరిగెత్తి వాంతి చేసుకున్నాను. అత్త బెదిరిపోయి నాడి చూసింది, నాలుక చూసింది. ఏం జబ్బూ దొరకలేదు. ఆ తర్వాత చాలా ఏళ్లు మా ఇంట్లో వారాంతాలు ఆటలు లేకుండానే గడిచాయి. కడపలోనే బీఎడ్ చదివాను, ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది. ఆ మనుషులు మళ్లీ ఎప్పుడూ రాలేదు. రారని నాకు ఎవరూ చెప్పలేదు కాబట్టి భయం మాత్రం వస్తూనే ఉండేది. ఇప్పుడు ఆలోచిస్తే, మా మీద పడింది నిజానికి ఒక రాయి మాత్రమే.

రిటైరయ్యాక నాయన మా ఇంటికి వచ్చి నెలల తరబడి ఉండేవాడు. నేను వంటింట్లో ఉన్నప్పుడు శబ్దం బాగా తగ్గించి ఆటలు చూసేవాడు. నా అడుగు వినపడితే వార్తలకు మార్చేవాడు. ఒక ఆదివారం నేను వెళ్లి పక్కన కూర్చున్నాను. ఆయన చెయ్యి రిమోట్ మీదికి పోయింది.

"ఉండనీ నాయనా" అన్నాను.

పరుగు పందెం ఏదో వస్తోంది. కాసేపు చూశాం. లేచి వెళ్లిపోవాలనిపించింది కానీ లేవలేదు.

"ఆ పొద్దు నీకు భయమైందా నాయనా?" అని అడిగాను. అన్నేళ్లలో మేమిద్దరం ఆ మాట ఎత్తడం అదే మొదలు.

"అయింది."

"మరి తలుపు కాడ ఎందుకు నిలబడినావు?"

"ఇంకేం చెయ్యల్లో తెలీక" అన్నాడు. తర్వాత తెర వైపు వేలు చూపించి, "ఆ పాపను చూడు, ఎంత బాగా ఉరుకుతాందో. పొద్దున్నే సంగటి తిని ఉంటాది" అన్నాడు. ఇద్దరం నవ్వాం.

నాయన ఇప్పుడు లేడు. ఆదివారాలు నేను ఒక్కదాన్నే చూస్తాను. ఇప్పుడు తెలుగులోనే ఆటల కార్యక్రమాలు ఎన్నో వస్తున్నాయి. చిన్నచిన్న అమ్మాయిలు, గుక్క తిప్పుకోకుండా మాట్లాడతారు. బొమ్మను ఆపి, దగ్గరికి తెచ్చి, రంగు గీతలు గీసి చూపిస్తారు. అంపైరు తప్పు చేశాడని నవ్వుతూ అనేస్తారు. అప్పుడు నేను ఆట సంగతి మరిచిపోతాను. కార్యక్రమం అయ్యాక ఈ పిల్ల ఇంటికి ఎట్లా పోతుంది, ఆటోలో ఎదురుగా ఎవరు కూర్చుంటారు, వాళ్ల నాయన వెంట వచ్చాడా అని చూస్తాను. ఆమె కనిపించినంతసేపూ చూసి, వాళ్లు ప్రకటనలకు వెళ్లాకే ఊపిరి వదులుతాను.